మాతృరక్షకుడు సెమ్మెల్వైస్

వైద్యుడు రోగిని తాకుటకు ముందు చేతులు కడుగుకొనుట నేడు మనకు సహజముగా తోచును. ఈ చిన్న నియమమునకై జీవితమునే ధారవోసిన మహాశయుడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్.

ఆయన 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగేరీ దేశమందలి బుడా నగరమున ఒక వర్తకుని యింట జన్మించెను. 1844లో వియన్నాయందు వైద్యపట్టము పొంది, 1846లో అచ్చటి పెద్ద ఆసుపత్రిలో ప్రసూతిశాలకు సహాయవైద్యుడయ్యెను.

అచ్చట ప్రసూతిశాలలు రెండు. మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానితనము నేర్చు స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. 1846లో మొదటి శాలయందు నూటికి పదునొకండుగురకు పైగా తల్లులు మరణింపగా, రెండవశాలలో మరణించినవారు నూటికి మువ్వురకు లోపే. వీరిలో పెక్కండ్రను కబళించినది సూతికాజ్వరము. మొదటి శాలలో చేర్పవలదని గర్భిణులు మోకరిల్లి వేడుకొనుచుండిరి. దారిలో ప్రసవించి వచ్చినవారు సైతము వారికంటె క్షేమముగా నుండిరి.

1847 మార్చిలో ఆయన మిత్రుడగు కొలెచ్కా పండితుడు, శవపరీక్షాసమయమున శిష్యుని చేతికత్తి తగిలి, ఆ గాయము మూలముననే మరణించెను. ఆయన దేహమందు కనబడిన వికారములు మృతులైన బాలింతల దేహములందలి వానినే పోలియుండెను. సెమ్మెల్వైస్‌కు సత్యము స్ఫురించెను. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే ప్రసూతిశాలకు వచ్చుచుండిరి. మంత్రసానులకు శవములతో పనిలేదు. తానును అట్లు వచ్చినవాడే. తన చేతుల మూలమున ఎందరు తల్లులు మడిసిరో యని ఆయన కుమిలిపోయెను. అయినను ఆ నేరమును దాచుకొనలేదు.

మే మాసమున, సున్నపుక్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగనిదే యెవరును లోనికి రాగూడదని కట్టడి చేసెను. ఏప్రిల్‌లో నూటికి పదునెనిమిదిగా నున్న మరణములు జూన్ నాటికి రెండింటికి దిగెను.

కాని తమ చేతులే మృత్యుకారణములను మాటను పెద్దలు పెక్కురు సహింపలేకపోయిరి. సూక్ష్మజీవుల సంగతి నాటికింకను తేటపడలేదు. 1849లో ఆయన పదవి కొనసాగింపబడలేదు. మరుసటి యేడు స్వదేశమునకు మరలి, పెస్ట్ నగరమున అదే నియమముతో తల్లులను కాపాడెను. తన పరిశోధనను గ్రంథరూపమున ప్రకటించుట మాత్రము 1861 వరకు జరుగలేదు. ఆ పదునాలుగేండ్ల ఆలస్యము ప్రత్యర్థులకు బలమయ్యెను. మనస్సు చెదరి, 1865 ఆగష్టు 13న వియన్నాలోని పిచ్చియాసుపత్రిలో, నలువదియేడేండ్లకే కన్నుమూసెను.

అనంతరము పాశ్చర్, లిస్టరు మహాశయుల కృషివలన ఆయన మాట నిలిచెను. 1969లో బుడాపెస్ట్ వైద్యవిశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టబడెను.

సత్యమును కనుగొనుట యొక యెత్తు. దానిని గ్రంథస్థము చేసి పదుగురకు అందించుట మరియొక యెత్తు. గ్రంథాలయమునకు వచ్చు చదువరులు ఈ మహనీయుని జీవితమునుండి గ్రహింపవలసిన పాఠమిది.