కాగితం దొరది, చెమట ఐలమ్మది

గట్టు తగాదా వచ్చినా, పహాణీలో పేరు మారినా పల్లెలో పేదవాడి చెవిన మొదట పడే మాట ఒకటే. కాగితం ఎవరి పేరున ఉంటే భూమి వాళ్లదేనట! ఆ మాటకు తలవంచని చిట్యాల ఐలమ్మ జీవితాన్ని ఈసారి మన కూలీ సోదరులకు, కార్యకర్తలకు గుర్తు చేయదలిచాం.

ఐలమ్మ 1895లో ఓరుగల్లు ప్రాంతంలోని కృష్ణాపురంలో చాకలి కుటుంబంలో పుట్టింది. పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహను పెళ్లాడింది. పాలకుర్తి అప్పట్లో నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఊరి బట్టలు ఉతకడం, గడీకి వెట్టి చేయడం, ఇదే ఆ ఇంటి బతుకు. నలభై వేల ఎకరాల ఆసామి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం కింద ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ నలుగుతుండేవి.

వెట్టితో కడుపు నిండదని ఐలమ్మ మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. నాలుగెకరాలు సాగులోకి తెచ్చింది. చాకలిది సొంతంగా సేద్యం చేయడమా అని పెద్దలకు కంటగింపయింది. కుటుంబమంతా వచ్చి తన పొలంలో పనిచేయాలని పట్వారీ ఒత్తిడి పెట్టాడు. ఐలమ్మ ససేమిరా అంది. అప్పటికే ఆమె ఆంధ్రమహాసభలో, అంటే జనం నోట సంఘంలో, చేరిపోయింది.

దొర మొదట పోలీసు కేసు నడిపించాడు. సంఘం నాయకులతో పాటు ఐలమ్మ కుటుంబాన్నీ అందులో ఇరికించాడు. కేసు వీగిపోయింది. అప్పుడు అసలు ఎత్తు వేశాడు. పట్వారీని పిలిపించుకుని, ఆమె కౌలు భూమిని తన పేరున రాయించుకున్నాడు. ఒక్క కలం పోటుతో భూమీ తనదే, పైరూ తనదే అన్నాడు. పండిన వరి కోసుకు రమ్మని గూండాలను, కూలీలను పొలం మీదికి తోలాడు.

భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి నాయకులతో సంఘం కార్యకర్తలు గుత్పలు పట్టుకుని పొలంలో నిలబడ్డారు. వాళ్లు కొద్దిమందే, అయినా గూండాలు పారిపోయారు. కార్యకర్తలే వరి కోసి, కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. పోలీసులు నాయకులను పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు.

ఐలమ్మ అక్కడితో ఆగలేదు. సంఘం అండతో దొర మీద కోర్టుకెక్కింది. తీర్పు మళ్లీ దొరకు వ్యతిరేకంగానే వచ్చింది. ఓర్వలేక ఆమె ఇల్లు తగలబెట్టించాడు. అయినా ఆమె భూమి వదల్లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లో వచ్చిందంటే ఊరికే రాలేదు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది.

ఈ కథలో మనం పట్టుకోవలసినది ఏమిటి? పట్వారీ రాత ఒక్కటే హక్కు కాదు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం పుట్టదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు తేల్చాయి. మన భూమి మీద ఎవడైనా తప్పుడు హక్కు చెబితే సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దావా వేయవచ్చు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షను అందుకే ఉంది. భూమి మన కబ్జాలో ఉంటే ఎవరూ జోక్యం చేసుకోకుండా నిషేధపు ఉత్తర్వు కూడా అడగాలి. కబ్జా పోయి ఉంటే స్వాధీనం కూడా అడగాలి. అడగకుండా ఉత్త ప్రకటన కోరితే కోర్టు ఇవ్వదు. ఆలస్యమూ చేయరాదు. ప్రకటనకు గడువు మూడేళ్లే, హక్కును బట్టి స్వాధీనం కోరడానికి పన్నెండేళ్లు.

అందుకని శిస్తు రసీదులు, కౌలు కాగితాలు, పాత పహాణీ నకళ్లు ఇంట్లో భద్రంగా దాచుకోండి. ఇరుగు పొరుగు రైతుల సాక్ష్యమూ కూడగట్టుకోండి. కానీ ఒక్క మాట మరువకండి. కోర్టు తీర్పు చేతికొచ్చాక కూడా ఐలమ్మ ఇల్లు తగలబడింది. తీర్పును నిలబెట్టింది పొలంలో నిలబడ్డ జనమే. కాగితం కావాలి, కాగితం వెనక సంఘమూ కావాలి.