బొబ్బిలి రాజా ఓడిన రోజు

బొబ్బిలి పేరు వింటే తెలుగువారికి 1757 నాటి యుద్ధమూ తాండ్ర పాపారాయుడూ గుర్తుకొస్తారు. 1937లో అక్కడ జరిగిన మరో పోరు గురించి మనం అంతగా చెప్పుకోము. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలలో బొబ్బిలి సంస్థానాధీశుడు, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రి రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు తన సొంత గడ్డ మీదే ఓడిపోయారు. ఓడించినవాడు రైల్వే కార్మిక నాయకుడు వి.వి.గిరి. ఓడినది బ్రాహ్మణేతర పార్టీ అధినేత, గెలిచినది బ్రాహ్మణుడు. ఓటర్లలో అత్యధికులేమో బ్రాహ్మణేతర రైతులు. దీన్ని కాంగ్రెస్ గాలి అని తేల్చేస్తే అసలు విషయం చేజారిపోతుంది.

రంగారావు 1901లో వెలమ జమీందారీ కుటుంబంలో పుట్టారు. అప్పటికింకా జస్టిస్ పార్టీ లేదు. 1916లో టి.ఎం.నాయర్, త్యాగరాయ చెట్టి, నటేశ ముదలియార్ దానికి పునాది వేశారు. ఉద్యోగాలలో, చదువులలో బ్రాహ్మణుల గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించడం ఆ పార్టీ చేసిన చారిత్రక కార్యం. 1921 నాటి కమ్యూనల్ జీవో లేకుంటే ఈనాటి రిజర్వేషన్ల చరిత్ర మరోలా ఉండేది. అయితే బ్రాహ్మణేతరులన్న మాట కింద జమీందారు, అతని రైతు, ఆ రైతు పొలంలో పనిచేసే అంటరాని కూలీ ముగ్గురూ ఒకే వరుసలో నిలబడవలసి వచ్చింది. ఆ వరుస ఎంతోకాలం నిలవలేదు. 1921లో పుళియాంతోపు అల్లర్ల అనంతరం దళిత నాయకుడు ఎం.సి.రాజా పార్టీకి దూరమై, 1923లో బయటికి నడిచారు.

1930లో పార్టీ పగ్గాలు చిత్తూరు జిల్లాకు చెందిన మునుస్వామి నాయుడి చేతికి వచ్చాయి. ఆయన జమీందారు కాడు. పార్టీలోని జమీందార్లకు అదే కంటగింపయింది. వారు ఒక వర్గంగా ఏర్పడి 1932 నవంబరులో ఆయనను గద్దె దింపి, 31 ఏళ్ల బొబ్బిలి రాజాను కూర్చోబెట్టారు. అప్పటికి ఆర్థిక మాంద్యంతో ధాన్యం ధరలు పడిపోయి, రైతు శిస్తు కట్టలేని స్థితిలో ఉన్నాడు. అలాంటి వేళ రైతు బిడ్డను తొలగించి రాజును నిలపడమే ఆ పార్టీ తన ఓటమికి రాసుకున్న తొలి పంక్తి అని నా అభిప్రాయం.

ఆయనను ఒట్టి అభివృద్ధి నిరోధకుడిగా చిత్రిస్తే మాత్రం అన్యాయమవుతుంది. 1908 నాటి ఎస్టేట్ల భూచట్టం జమీన్ రైతులకు సాగు హక్కునిచ్చింది గానీ, ఇనాం గ్రామాలు అనేకం దాని పరిధికి వెలుపలే ఉండిపోయాయి. ఇనాందారులలో బ్రాహ్మణులు గణనీయంగా ఉండేవారు. 1936లో బొబ్బిలి ప్రభుత్వ హయాంలో వచ్చిన సవరణ పూర్తి ఇనాం గ్రామాలను ఆ చట్టం కిందికి తెచ్చి, అక్కడి రైతుకు భూమిపై శాశ్వత హక్కు కల్పించింది. ఇది చిన్న విషయం కాదు. అగ్రహారంలో తరతరాలుగా దున్నుతున్నవాడిని ఇక ఇష్టారాజ్యంగా వెళ్లగొట్టడం సాధ్యం కాదు. కానీ అగ్రహారం గడప దాటిన ఆ న్యాయం జమీందారు కోట గుమ్మం దగ్గర ఆగిపోయింది. జమీన్ రైతు కోరిన శిస్తు తగ్గింపు చట్టం ఆ ప్రభుత్వం చేతుల మీదుగా రాలేదు. అది 1947 దాకా ఆగవలసి వచ్చింది.

సమతావాదం పట్ల వైఖరీ అంతే. సోవియట్ యూనియన్ పర్యటించి వచ్చిన పెరియార్, సింగారవేలుతో కలిసి 1932 చివర ఈరోడ్ కార్యక్రమాన్ని రూపొందించారు. కుల నిర్మూలనకు ఆస్తి ప్రశ్నను జోడించిన ప్రయత్నమది. 1933లో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ రాసిన సంపాదకీయానికి పెరియార్‌ను జైలుకు పంపారు. 1934లో కమ్యూనిస్టు పార్టీ నిషేధానికి గురయింది. నిర్బంధం పెరిగాక పెరియార్ సమతావాద ప్రచారాన్ని తగ్గించుకుని, పలుచబరిచిన కార్యక్రమంతో జస్టిస్ పార్టీకి మద్దతిచ్చారు. సింగారవేలు, జీవానందం వంటివారు వేరు దారి పట్టారు. కులాన్ని ప్రశ్నించే యువకులు కావాలి, భూమిని ప్రశ్నించే యువకులు వద్దు అన్నట్టుగా సాగింది పార్టీ వ్యవహారం.

అలాంటి పార్టీలో చేరేదెవరు? స్థానిక బోర్డుల పదవులు ఆశించేవారు, జమీందార్ల ఆశ్రితులు. ఊరూరా సభ్యులను చేర్చుకునే యంత్రాంగం దానికి ఏనాడూ సరిగా ఏర్పడలేదు. అదే సమయంలో ఎన్.జి.రంగా తదితరులు జమీన్ రైతు సంఘాలు కట్టి పల్లెల్లో తిరుగుతున్నారు. శిస్తు, వెట్టి, అడవిలో కట్టెపుల్ల హక్కు, చెరువు మరమ్మతు: వారి మాటల్లో వినిపించినవి ఇవే.

1935 చట్టంతో ఓటు హక్కు కొంత విస్తరించింది. కోటలో నమస్కరించే చేయి పోలింగు గదిలో ఒంటరిదయింది. 215 స్థానాలలో కాంగ్రెస్‌కు 159 దక్కాయి. వెంకటగిరి కుమారరాజా, పి.టి.రాజన్ కూడా ఓడిపోయారు. గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. రెవెన్యూ మంత్రి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. గెలిపించిన రైతుకు కాంగ్రెస్ వెంటనే భూమి ఇచ్చిందని కాదు. ఆ సంఘం నివేదిక 1938లో వచ్చినా, ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు. అందులోనూ దున్నే రైతుకు పట్టా దక్కింది, కూలి చేసే దళితుడికి దక్కలేదు.

1938లో జస్టిస్ పార్టీ నాయకత్వం పెరియార్‌కు చేరింది. 1944లో సేలం మహాసభ దాని పేరును ద్రావిడర్ కళగంగా మార్చి, బ్రిటిష్‌వారు ఇచ్చిన బిరుదులను వదులుకోవాలని తీర్మానించింది. బిరుదులున్న పెద్దలు చాలామంది అక్కడితో తప్పుకున్నారు. బొబ్బిలి రాజా 1978లో మరణించారు. అప్పటికి ఎస్టేటు రద్దయి మూడు దశాబ్దాలు కావస్తోంది.