జనరల్ రేమండు

హైదరాబాదు నగరమున మూసారాంబాగను పేట కలదు. ఆ పేరు విన్నవారు మూసారాముడన నెవరో హిందూ భక్తుడో ధనికుడో యని తలంతురు. వాస్తవమున కాతడు ఫ్రాన్సు దేశీయుడు. రెండవ ఆసఫ్‌జా యగు నిజాం అలీఖానుని సేనాని. ముస్యే రేమండను పేరునే హిందువులు మూసారామనియు, మహమ్మదీయులు మూసారహీమనియు పిలుచుకొనిరి.

రేమండు 1755 లో ఫ్రాన్సునకు నైరుతి భాగమగు గాస్కనీలో నొక వర్తకుని యింట జన్మించెను. 1775 లో వ్యాపారార్థమై పుదుచ్చేరికి వచ్చెను గాని త్రాసుకంటె కత్తియే యాతని కెక్కువ నచ్చెను. కొంతకాలము మైసూరు కొలువున నుండి, 1783 లో బుస్సీ దొరయొద్ద చేరెను. 1757 లో బొబ్బిలి కోటను ముట్టడించిన బుస్సీ యితడే. ఆయన 1785 లో మరణింపగా, మరుసటి యేట రేమండు నిజాము కొలువున ప్రవేశించెను.

ఆరంభమున నాతని క్రింద కొలది వందల మందియే యుండిరి. తుపాకులు సైత మద్దెకు తెచ్చినవని చెప్పుదురు. పది సంవత్సరములలో నా దండు సుమారు 14,000 మంది యయ్యెను. కవాతు, సకాలమున జీతము, సొంత ఆయుధములు, ఈ మూటియందు నాతడు శ్రద్ధ వహించెను. ఫిరంగులు పోతపోయుటకై హైదరాబాదున కర్మాగారమును నెలకొల్పెను. తోప్ కా సాంచా, గన్‌ఫౌండ్రీ యను పేర్లు నేటికిని దానిని జ్ఞప్తికి దెచ్చుచున్నవి.

1795 మార్చిలో ఖర్దాయొద్ద మహారాష్ట్రులతో యుద్ధము జరిగెను. ఇంగ్లీషువారు తటస్థులై నిజామునకు తోడ్పడరైరి. రేమండు పటాలములు చెదరక నిలిచి పోరినవి. అయినను నిజాము, అంతఃపుర స్త్రీలు భీతిల్లుటచే, వెనుకకు మరలి ఖర్దా కోటలో జొచ్చెను. సేనానియు మరలక తప్పలేదు. తుదకు మంత్రి అరస్తూజాను శత్రువులకు జామీనుగా నొప్పగింపవలసి వచ్చెను. ఆ పరాజయమును రేమండుపై మోపుట న్యాయము గాదని మా యభిప్రాయము.

అదే సంవత్సరమున నిజాము జ్యేష్ఠపుత్రుడు ఆలీజా తిరుగబడి బీదరు చేరెను. బీదరు మన మద్నూరునకు దక్షిణముననే యున్నది. రేమండు వెంటాడి రాజకుమారుని పట్టుకొనెను. ఆలీజా తండ్రి మొగము చూడజాలక త్రోవలోనే విషము త్రాగి మరణించెను. విజయము సేనానిది, దుఃఖము తండ్రిది.

రేమండు పలుకుబడి పెరిగిన కొలదియు నింగ్లీషువారి భయమును పెరిగెను. ఆతని పటాలములు ఫ్రెంచి విప్లవ పతాకమును ధరించుచుండెను. ఆతడు నిజామునే సేవించెనా, ఫ్రాన్సును గూడ సేవింపదలచెనా? రెండును నిజమే కావచ్చునని మాకు తోచుచున్నది. ఆతనికి నిజాము శత్రువులును ఫ్రాన్సు శత్రువులును వేరుగా తోచలేదు.

1798 మార్చి 25 న, 42 యేండ్ల ప్రాయమున, రేమండు మరణించెను. విషప్రయోగమని కొందరు చెప్పుకొనిరి గాని నిదర్శనము లేదు. పిరోన్ అనునతడు సేనాని యయ్యెను. సెప్టెంబరున నిజామునకును ఇంగ్లీషువారికిని సంధి కుదిరెను. అక్టోబరు 22 న కర్క్‌పాట్రిక్ దొర యేర్పాటుచే నా దండును చుట్టుముట్టి నిరాయుధము గావించిరి. జీతములు నిలిచియుండిన సిపాయీలు తమ ఫ్రెంచి యధికారులపైననే తిరుగబడియుండిరి. రేమండు పదేండ్లు పెంచిన సేన యొక్క దినములో ముగిసెను.

ఆతని సమాధి యొక మిట్టపై నున్నది. నల్లరాతి స్తంభముపై జె. ఆర్. అను నక్షరములు గానవచ్చును. ప్రక్కనున్న మంటపము 2001 లో వర్షములకు కూలగా, తరువాత మరల నిర్మించిరి.