పుర్రెలో నేరాన్ని వెదకిన వైద్యుడు

గరివిడి ప్రాంతం మాంగనీసు ఖనిజానికి పేరుపొందినది. గనిలోనుంచి తీసిన రాతిని పరీక్షించి నూటికి ఇన్ని పాళ్ళు లోహమున్నదని నిర్ణయించవచ్చును. అట్లే మనిషిని పరీక్షించి అతనిలో దుష్టత్వం ఇంత ఉన్నదని చెప్పగలమా? కారాగారాలలో ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో సుప్రసిద్ధుడు చెజారే లొంబ్రోసో.

ఆయన 1835 నవంబరు 6వ తేదీన ఇటలీలోని వెరోనా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. వైద్యవిద్య ముగించి సైన్యంలో వైద్యుడుగా చేరాడు. అక్కడ వేలకొలది సైనికుల దేహాలను కొలిచాడు. వారి పచ్చబొట్లను సైతం లెక్కవ్రాసుకొన్నాడు. పిమ్మట మానసిక రోగులకు చికిత్స చేస్తూ, ఖైదీలవైపు దృష్టి మరల్చాడు.

కలాబ్రియాకు చెందిన విల్లెల్లా అనే ఖైదీ పుర్రెను పరిశీలిస్తుండగా, వెనుక భాగంలో సామాన్యంగా కానరాని ఒక గుంట ఆయన కంటబడింది. అది క్రింది తరగతి జంతువులలో ఉండే లక్షణమని భావించి, నేరస్థుడు పుట్టుకతోనే ఆదిమ దశకు చెందినవాడని తలపోశాడు. 1876లో వెలువడిన ఆయన గ్రంథం ఈ వాదాన్ని లోకమంతటా వ్యాపింపజేసింది. తరువాతి ముద్రణలలో, నీతిజ్ఞానం లోపించిన మానసిక వ్యాధికీ పుట్టు నేరస్థునికీ భేదం లేదన్నాడు. అయితే, నేరస్థులందరూ అట్టివారు కారని క్రమంగా ఒప్పుకొని, పుట్టు నేరస్థుల పాలును సుమారు మూడోవంతుకు తగ్గించాడు.

పుట్టుకను బట్టి మనిషిని నేరస్థునిగా ఎంచడం తెలుగువారికి ఎరుగని విషయం కాదు. లొంబ్రోసో గ్రంథానికి అయిదేండ్లు ముందే, 1871లో, ఆంగ్లప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. 1913లో స్టూవర్టుపురంలో ఎరుకలవారికై నిర్బంధ నివాసం ఏర్పడింది. ఏ నేరమూ చేయని పసిబిడ్డకు కూడ ఆ ముద్ర తప్పలేదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ శాసనం రద్దయినది. అయినా ముద్ర తుడిచిపెట్టుకొని పోలేదు.

లొంబ్రోసో 1909 అక్టోబరు 19న ట్యూరిన్‌లో మరణించాడు. నాలుగేండ్లకు, ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, నేరస్థులకు ప్రత్యేకమైన ఆకృతి అంటూ లేదని తేల్చాడు. ఆపై శాస్త్రజ్ఞులు పుర్రెను విడిచి నడవడిని పట్టుకొన్నారు. కెనడాలో రాబర్ట్ హేర్ ఖైదీల పరిశీలనతో 1980లో ఒక పట్టికను రూపొందించి, 1991లో సవరించాడు. అందులో 20 లక్షణాలు. ఖైదీతో సంభాషించి, అతని పూర్వచరిత్ర చదివి, ఒక్కొక్క లక్షణానికి సున్న మొదలు రెండు వరకు వేస్తారు. మొత్తం 40, 30కి చేరినవానిని సైకోపాత్ అని ఎంచడం వాడుక.

ఈ కొలత మునుపటికన్న మేలైనదే. కాని ఒక అంకెపై మనిషి విడుదల ఆధారపడినప్పుడు, కొలిచేవాని బాధ్యత ఎంతటిదో లొంబ్రోసో జీవితం హెచ్చరిస్తున్నది. ఆయన కోరిక ప్రకారం ఆయన అస్థిపంజరం నేటికీ ట్యూరిన్ ప్రదర్శనశాలలో, తాను సేకరించిన పుర్రెల సరసనే నిలిచి ఉన్నది.