ఆజ్ఞాపించుటకు అధికారము లేని అధ్యక్షుడు

మన మైపాడు తీరమున పెద్దవల లాగుట చూచినవారు ఎరుగుదురు: త్రాళ్లు రెండు, గుంపులు రెండు, కేక మాత్రము ఒక్కరిదే. ఇద్దరు కేకలు వేసినయెడల వల వంకరపోవును. ఫీల్డు మార్షల్ మాంట్‌గోమరీ గారికి వృద్ధాప్యము సమీపించినప్పుడు ఈ చిక్కే ఎదురాయెను.

ఆయన 1887లో లండనులో జన్మించెను. తండ్రి టాస్మేనియా బిషప్పు. తల్లి తండ్రియైన ఫారర్ గారు క్రీస్తు జీవితమును వ్రాసిన పండితుడు, బొంబాయిలో పుట్టినవాడు. మాంట్‌గోమరీ కూడ యౌవనమున పెషావరులో ఉద్యోగము చేసెను. 1937లో భార్య పురుగు కాటువలన విషమెక్కి మరణించగా, అటుపిమ్మట ఆయనకు పనియే లోకమాయెను. 1942లో ఎల్ అలమీన్ వద్ద బ్రిటిషు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, దక్షిణ ఆఫ్రికా, భారత దళములు ఆయన ఒక్కమాటకు కదలెను.

యుద్ధానంతరము 1948 మార్చిలో బ్రిటను, ఫ్రాన్సు, బెల్జియము, హాలండు, లక్సెంబర్గు బ్రస్సెల్సులో ఒడంబడిక చేసికొనెను. ఆ సంవత్సరమే ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో పట్టణమున సేనాధిపతుల సంఘము ఏర్పడగా, మాంట్‌గోమరీ దానికి అధ్యక్షుడాయెను. భూసేనలకు ఫ్రెంచి జనరల్ ద లాత్ర్, విమానదళమునకు బ్రిటిషువాడైన రాబ్, నౌకలకు ఫ్రెంచివాడైన జోజార్ నియమింపబడిరి. చూచుటకు చక్కని ఏర్పాటే! అయితే శాంతికాలమున ఏ దేశమును తన సైన్యమును వీరి చేతికి అప్పగింపలేదు. మాంట్‌గోమరీకి పీఠము దొరికెను గాని దళములు దొరకలేదు. కపెర్నహూములోని శతాధిపతికి పైన అధికారి, క్రింద సైనికులు ఉండిరి. ఈయనకు పైన ఐదు ప్రభుత్వములుండెను, క్రింద ఎవరును లేరు.

అధ్యక్షుడు తనకు పై అధికారి కాడని ద లాత్ర్ పట్టుపట్టెను. ఇద్దరును గర్విష్ఠులే, ఒకరి మాట మరియొకరికి సహింపదు. తప్పంతయు ఫ్రెంచివానిదే యనుట న్యాయము కాదు. మాంట్‌గోమరీ లొంగదీయుట నేర్చినవాడు గాని బతిమాలుట నేర్చినవాడు కాడు. నెలల తరబడి సాగిన ఈ కలహము రెండు ప్రభుత్వములకును తలనొప్పియాయెను. తుదకు వారిద్దరు సమాధానపడి మిత్రులైరి. కాగితము మీది నియమములు మారలేదు, మనుష్యులు మారిరి.

1950 డిసెంబరులో ద లాత్ర్ ఇండోచైనాకు వెళ్లెను. మరుసటి సంవత్సరము ఆయన ఏకైక కుమారుడు అక్కడ యుద్ధములో మడిసెను; 1952 జనవరిలో తండ్రియు కన్నుమూసెను. 1951 ఏప్రిలులో ఐసెన్‌హోవర్ అట్లాంటిక్ కూటమి సేనలకు సర్వాధిపతియై పని ప్రారంభించగా, ఫాంటెన్‌బ్లో ఏర్పాటు అందులో కలిసిపోయెను. యుద్ధకాలమున ఐసెన్‌హోవర్‌తో ఎన్నో వాదములు పెట్టుకొనిన మాంట్‌గోమరీ, ఆయనకే ఉపాధిపతిగా చేరెను. సర్వాధిపతులు మారుచున్నను 1958లో విరమించువరకు ఆ రెండవ స్థానముననే యుండెను. 1976లో మరణించెను.