పట్టుదలా, పిడివాదమా?

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. నాలుగో కాలు చూపించబోతే మొహం తిప్పుకుంటారు. దీన్నే పెద్దలు పిడివాదం అన్నారు. ఆ మాట వింటే నాకు గుర్రం జాషువా గుర్తొస్తారు. ఆయన పిడివాది అని కాదు, రెండు వైపుల పిడివాదుల మధ్యా నలిగిన మనిషి కనుక!

మా పిడుగురాళ్లలాగే వినుకొండా పల్నాటి ఊరే. జాషువా అక్కడే 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు. తల్లిది ఊరు అంటరానిదన్న కులం. ఆయనకేమో పద్యమంటే ప్రాణం. వినుకొండలో ఓ అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారంటూ కొందరు అవమానించారు. పద్యం బాగుందా లేదా అన్నది వాళ్లకక్కర్లేదు, ఎవరి నోట వచ్చిందన్నదే పట్టింపు.

పోనీ సొంతవాళ్లయినా ఆదరించారా? హిందూ దేవుళ్ల మీద రాస్తున్నాడని మతపెద్దలు ఆయన్ని క్రైస్తవ సమాజం నుంచి వెలివేశారు.

ఇన్ని దెబ్బలు తిన్న మనిషి తనూ మొండికెయ్యొచ్చు. మీ పుస్తకాలు నాకొద్దు పొమ్మనొచ్చు. ఆయన అలా చెయ్యలేదు. పొట్టకూటికి మూకీ సినిమాలకు కథ చెబుతూ, తర్వాత గుంటూరులో పంతులుగా పనిచేస్తూ, అన్ని వైపులా చూశారు. పారశీక కవి బాధను 'ఫిరదౌసి'గా రాశారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడి గడప తొక్కనివ్వని మనిషి గుడిలో వేలాడే గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురంపుతాడు. ఇక, సమాజం వెలివేసిందని క్రీస్తునేమీ ఆయన వదులుకోలేదు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

అలాగని గాలివాటం మనిషీ కాదు. అంటరానితనం తప్పన్న మాట మీద 1971లో కన్నుమూసేదాకా ఒక్క మెట్టూ దిగలేదు. అది పట్టుదల. అనుభవించి, ఆలోచించి నిలబడేది పట్టుదల. చూడనే చూడనని కళ్లు మూసుకునేది పిడివాదం.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారిది సనాతన సంప్రదాయమే. అయినా పద్యం విన్నారు, కవిని గుర్తించారు, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. వినడానికి సిద్ధపడితే ఎంతటివారైనా మారగలరు.

జాషువా కూతురు హేమలత 1960లో, నాస్తికుడైన గోరా కొడుకు లవణాన్ని పెళ్లాడారు. క్రీస్తు కథ రాసిన కవి ఇంటికి దేవుణ్ణి నమ్మని అల్లుడు!

మన ఇళ్లలో ఆడపిల్ల తనకు నచ్చిన చదువో, అబ్బాయి పేరో చెబుతుంది. చెప్పడం పూర్తికాకముందే వద్దనేస్తాం. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తర్వాత సంగతి. ముందు ఆ పిల్లను మాట పూర్తి చెయ్యనిద్దాం.