డీజిల్‌ మహాశయుడు - మన ఇంజను పొగ



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. బస్సు డిపోలో మెకానిక్‌గా పని చేసి రిటైరైన నాకు ముందుగా గుర్తుకు వచ్చింది రుడాల్ఫ్‌ డీజిల్‌గారే. రోజూ మనం పలికే డీజిల్‌ ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు.

ఆయన 1858 మార్చి 18న పారిస్‌లో జర్మన్‌ దంపతులకు జన్మించారు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండను చేరింది. పన్నెండేళ్ల కుర్రవాణ్ణి చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. తరువాత మ్యూనిక్‌లో లిండే అనే ఆచార్యుని వద్ద చదువుతూ, ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో సుమారు పదో వంతు మాత్రమే పనిగా మారుస్తుందని గ్రహించారు. మిగిలిన వేడి వృథా కాకుండా చూడాలన్నదే ఆయన పట్టుదల.

సైకిలు పంపు కొడితే గొట్టం అడుగు వేడెక్కుతుంది కదా. గాలిని అంతకు ఎన్నో రెట్లు నొక్కితే, నిప్పురవ్వ లేకుండానే నూనె అంటుకుంటుంది. ఆయన ఆలోచన అదే. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1893లో తొలి పరీక్షలో ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది. అయినా వదల్లేదు. 1897 ఫిబ్రవరి పరీక్షలో ఇంజను ఇంధనపు వేడిలో 26 శాతం పనిగా మార్చింది.

పేరు, డబ్బు వచ్చాయి గాని డబ్బు నిలవలేదు. అప్పుల్లో ఉండగా 1913 సెప్టెంబరు 29న ఇంగ్లండుకు వెళ్లే స్టీమరు ఎక్కారు. తెల్లవారి చూస్తే గదిలో లేరు. కొద్దిరోజులకు సముద్రంలో దొరికిన శవం వద్దనున్న వస్తువులను కుమారుడు గుర్తుపట్టారు.

ఇక మన సంగతి. మా కొండకర్లలో ఆవ చుట్టుపక్కల పాత ఆయిల్‌ ఇంజన్లు నేటికీ కొన్ని ఉన్నాయి. స్టార్టు చేయగానే పొగ చూసి, ఇంజను పోయిందని పాత ఇనుము ధరకు అమ్ముకున్న రైతులను ఎరుగుదును. ముందు పొగ రంగు చూడాలి.

తెల్లపొగ వస్తే నూనె సరిగా మండలేదన్నమాట. చలి ఉదయం వచ్చి, ఇంజను వేడెక్కాక పోతే భయం లేదు. పోకుంటే హ్యాండిల్‌ తిప్పి చూడండి. బిగువు లేకుండా తిరిగితే కంప్రెషన్‌ తగ్గినట్టు. గాలి చాలినంత వేడెక్కడం లేదు. బిగువుంటే ఇంజెక్టరు, పంపు టైమింగు చూపించాలి. నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్‌ గాస్కెట్‌ను అనుమానించాలి.

నీలిపొగ అంటే ఇంజనాయిలు మండుతోంది. స్టార్టు చేసినప్పుడు కాస్త వచ్చి ఆగితే వాల్వు గైడ్లు, ఆగకుండా వస్తుంటే రింగులు అరిగి ఉండవచ్చు.

నల్లపొగకు కారణం నూనె ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్‌ ఫిల్టరు శుభ్రం చేయండి. ఆ తరువాతే ఇంజెక్టరు.

సిలిండరు బోరింగుకు వేలకు వేలు అవుతాయి. ఫిల్టరు కడగడానికి ఖర్చేమీ లేదు. ఇంటివద్ద పాత ఇంజను ఉన్న సభ్యులు ఈ వరుసలో చూసుకున్న తరువాతే షాపుకు పంపవలసిందిగా మనవి.


ఒక విశ్రాంత మెకానిక్‌, కొండకర్ల